డెట్రాయిట్‌కు పంపమంటారా?

ప్రశ్న: మాది కాగజ్‌నగర్. పేపర్ మిల్లులో పనిచేశాను. 2014లో మిల్లు ఆగిపోయాక నాలుగేళ్లు చాలా ఇబ్బంది పడ్డాం. మా అబ్బాయి మెకానికల్ బీటెక్ చేశాడు. డెట్రాయిట్‌లో వేన్ స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ ఎంఎస్, డాలస్ దగ్గర డేటా సైన్స్ ఎంఎస్, రెండు చోట్లా సీటు వచ్చింది. వాడు డెట్రాయిట్ అంటాడు. అది పాడుబడ్డ ఊరు, హత్యలు ఎక్కువ, కార్ల కంపెనీల పని అయిపోయిందని మా బావమరిది అంటున్నాడు. లోన్ తీసి పంపాలి. రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో మిల్లు గురించి రాసిన వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. మిల్లు సైరన్ వినపడని ఊళ్లో నాలుగేళ్లు ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి, కొడుకుని మళ్లీ ఫ్యాక్టరీలు మూతపడిన ఊరికే పంపాలంటే భయపడకుండా ఎలా ఉంటాడు? ఏటా నన్ను ఎందరో తండ్రులు ఇదే అడుగుతారు. ఊరి పేరు మారుతుంది, లోపలి టెన్షన్ ఒకటే: అప్పు చేసి పంపాక పిల్లవాడు నడిమధ్యలో నిలబడిపోతే?

మీ బావమరిది చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. 1950లో డెట్రాయిట్ జనాభా 18 లక్షల పైచిలుకు, 2020 నాటికి సుమారు 6.4 లక్షలు. ఫ్యాక్టరీలు శివార్లకూ వేరే రాష్ట్రాలకూ తరలిపోయాయి. కలిగినవాళ్లు వాటి వెనకే వెళ్లారు. పన్ను కట్టేవాళ్లు తగ్గి, 2013లో నగరపాలక సంస్థే దివాలా పిటిషన్ వేసింది. కానీ ఆయన మనసులో ఉన్నది ఆనాటి ఊరు. 1988లో రైళ్లు ఆగిపోయి, ఏళ్ల తరబడి పగిలిన కిటికీలతో నిలబడ్డ మిషిగన్ సెంట్రల్ స్టేషన్‌ను ఫోర్డ్ 2018లో కొని, బాగుచేసి 2024లో తెరిచింది. అదే ఏడాది ఊళ్లో 203 హత్యలు జరిగాయి. 1965 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. అలాగని అది చిన్న సంఖ్యా కాదు. అందుకే గది ఏ వీధిలో తీసుకోవాలో సీనియర్లను అడిగి తీసుకోవాలి. మీ కాగజ్‌నగర్ మిల్లు కూడా 2018లో చేతులు మారి మళ్లీ నడుస్తోంది కదా. ఇప్పటికీ ఎవరైనా దాన్ని మిల్లు మూతపడిన ఊరంటే మీకెలా ఉంటుంది?

కార్లు తయారుచేసే పని చాలావరకు చెదిరిపోయింది గానీ, వాటిని డిజైన్ చేసి పరీక్షించే పని ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంది. డియర్‌బర్న్‌లో ఫోర్డ్, వారెన్‌లో జీఎం టెక్నికల్ సెంటర్, ఆబర్న్ హిల్స్‌లో స్టెలాంటిస్, వీటికి విడిభాగాలు ఇచ్చే కంపెనీలు. మనవాళ్లు ఎక్కువగా ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ వైపు ఉంటారు. మీవాడు ఒంటరివాడు కాడు.

కష్టాలూ చెబుతాను. కారు లేకుండా అక్కడ ఉద్యోగం చేయడం చాలా కష్టం. కారు ఇన్సూరెన్స్ మిషిగన్‌లోనే ప్రియం, డెట్రాయిట్ అడ్రస్ అయితే మరీ ప్రియం. నగరంలో ఉంటే జీతంలో 2.4 శాతం నగరానికే పన్ను కట్టాలి. కొత్తవాళ్లకు దొరికేవి చాలావరకు కాంట్రాక్ట్ ఉద్యోగాలు, అమ్మకాలు పడిపోతే ముందు తీసేది వాళ్లనే. సైన్యానికి బండ్లు తయారుచేసే చోట ఎక్కువ ఉద్యోగాలకు అమెరికా పౌరసత్వం అడుగుతారు, వాటిని లెక్కలో వేసుకోవద్దు.

ఇక డేటా సైన్స్. నా దగ్గరకు వచ్చే మెకానికల్, సివిల్ పిల్లల్లో సగం మంది ఇదే పేరు చెబుతారు. ఎందుకని అడిగితే 'అందరూ వెళ్తున్నారు' అంటారు. స్టాటిస్టిక్స్ మీద ఇష్టంతో వెళ్లేవాడిని నేనెప్పుడూ ఆపలేదు. ఇష్టం లేకుండా, నాలుగు టూల్స్ నేర్చుకుని అవే ప్రాజెక్టులు రెజ్యూమెలో పెట్టుకునేవాడు, సరిగ్గా అలాంటి రెజ్యూమెలే పెట్టిన వేలమంది వెనక క్యూలో నిలబడతాడు. మొదట్లో కొత్తవాళ్లతో చేయించే చిన్న పనులు ఇప్పుడు ఏఐతోనే చేయించుకుంటున్నారు. చదువయ్యాక మూడేళ్ల పని అనుమతి ఇప్పటి నిబంధనల ప్రకారం రెండు కోర్సులకూ ఉంది, ఆ విషయంలో డాలస్‌కు లాభమేమీ లేదు. బ్యాటరీలు, బ్రేకులు, క్రాష్ టెస్టుల లెక్కలు తెలిసినవాడు దాని మీద కాస్త కోడింగ్ నేర్చుకుంటే వాడికంటూ ఒక చోటు ఉంటుంది. ఉన్న నాలుగేళ్ల చదువును గట్టున పెట్టి కొత్తగా మొదలుపెట్టడం నాకు సబబుగా తోచడం లేదు.

ఒక మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో బావమరిది అభిప్రాయాలు మూడున్నాయి. మీ అబ్బాయి డెట్రాయిట్ ఎందుకు అంటున్నాడో ఒక్క ముక్క లేదు. అసలు అడిగారా? అప్పు తీర్చాల్సిందీ, ఆ చలిలో బతకాల్సిందీ వాడు. అడగకుండా మీరే నిర్ణయిస్తే, రేపు ఏ చిన్న దెబ్బ తగిలినా వాడు మీకు చెప్పుకోడు.

ఇంకొకటి, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టొద్దు. ఉద్యోగం ఏడాది ఆలస్యమైనా కట్టుకోగలిగినంతే లోన్ తీసుకోండి. అంతకు మించితే ఈ ఏడాది ఆగమనండి. ఇక్కడే రెండేళ్లు ఆటోమొబైల్ కంపెనీలో పనిచేసి వెళ్తే అక్కడ వాడి మాటకు విలువ పెరుగుతుంది.

ఈ వారం వేన్ స్టేట్‌లో పోయిన ఏడాది చదువు ముగించిన ఇద్దరితో వాడు ఫోన్‌లో మాట్లాడేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి. ఉద్యోగానికి ఎన్ని నెలలు పట్టింది, ఎంతమంది ఇంకా వెతుకుతున్నారు, నెల ఖర్చెంత, ఇవి అడిగించండి. ఫోన్ పెట్టేశాక, మిల్లు ఆగిన ఆ నాలుగేళ్లు ఇల్లు ఎలా నడిపారో వాడికి చెప్పండి. అప్పుడు వాడు చిన్నపిల్లవాడు. ఆ సంగతులు వాడికి తెలిసి ఉండవు.