చిన్న డిస్టిలరీ విస్కీ మంచిదో కాదో రుచి చూసి ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న చదివాను. టెక్సాస్‌లో ఒక చిన్న డిస్టిలరీకి (విస్కీ కాచే చోటికి) వెళ్లారు, అక్కడ రుచి చూస్తే బాగుందనిపించి 70 డాలర్లు పెట్టి బాటిల్ కొన్నారు, ఇంటికొచ్చి తాగితే ఘాటు తప్ప ఇంకేమీ తెలియలేదు. లోపం విస్కీదా, మీ నాలుకదా అని అడిగారు. నేను డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. ఆరేళ్లుగా వీలు దొరికినప్పుడల్లా ఇలాంటి చిన్న డిస్టిలరీలు చూసి వస్తున్నాను. తాగేది తక్కువ, వాసన చూసేది ఎక్కువ. నాకు అనుభవంలో తెలిసినంత చెప్తాను.

ముందు ఆ ఘాటు సంగతి. మన దేశంలో దొరికే విస్కీ దాదాపు అంతా 42.8 శాతం ఆల్కహాల్. పైగా అందులో సోడానో నీళ్లో నిండుగా పోసుకుని తాగడం మనకు అలవాటు. ఇక్కడి చిన్న డిస్టిలరీల బాటిళ్లు చాలా 46 నుంచి 60 శాతం దాకా ఉంటాయి. దాన్ని నేరుగా గుటకేస్తే ఎవరి నాలుకైనా మొద్దుబారుతుంది. ఐస్ కూడా వద్దు, చల్లదనానికి వాసన ముడుచుకుపోతుంది. కింద వెడల్పుగా, మూతి దగ్గర ఇరుగ్గా ఉండే గ్లెన్‌కెయిర్న్ గ్లాసు దొరికితే మంచిది, లేదంటే చిన్న వైన్ గ్లాసు చాలు. రెండు మూడు చెంచాలు పోసి పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత నోరు కొద్దిగా తెరిచి, గ్లాసుని ముక్కుకి కాస్త దూరంగా పెట్టి వాసన చూడండి. ఒక గుటక అయ్యాక చెంచాతో నాలుగైదు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూడండి. చాలాసార్లు నీళ్లు పడ్డాకే అసలు వాసన బయటికొస్తుంది. ఇంకో మాట, ఆవకాయో బిర్యానీయో తిన్న నోటితో మాత్రం తీర్పు చెప్పకండి. కనీసం రెండు గంటలు ఆగండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విస్కీ అంటే ధాన్యం నుంచి కాచి, చెక్క పీపాలో నిలవ ఉంచేది. చిన్న డిస్టిలరీ విస్కీలో నేను వెతికేది ఒక్కటే: చెక్క కింద ధాన్యం ఇంకా బతికుందా లేదా.

ఈ సంగతి నాకు అర్థమైంది టెక్సాస్‌లోనే హిల్ కంట్రీ అనే ప్రాంతంలో ఒక చిన్న డిస్టిలరీలో. అక్కడ పనిచేసే ఆవిడ అప్పుడే కాచిన, పీపాలోకి ఇంకా వెళ్లని స్పిరిట్, నీళ్లలా తెల్లగా ఉంది, నా అరచేతిలో నాలుగు చుక్కలు పోసి, రెండు చేతులూ రుద్దుకుని వాసన చూడమంది. మొదట ఆల్కహాల్ గుప్పుమంది. ఇంకాస్త రుద్దాక అది ఎగిరిపోయింది. చేతుల్లో మిగిలింది పొయ్యి మీద కాల్చిన మొక్కజొన్న కంకి వాసన, దాని వెనకే నేతి వాసన. "ఇది బాగుంటేనే పీపా పనికొస్తుంది, ఇది బాగోకపోతే పీపా కప్పిపుచ్చడానికే" అని చెప్పింది. ఆ తర్వాత అదే స్పిరిట్ రెండేళ్లు పీపాలో ఉన్నది ఇచ్చింది. బెల్లం, జాజికాయ, ఎండుకొబ్బరి వచ్చి చేరాయి, కానీ ఆ కాల్చిన కంకి వాసన అడుగున అలాగే ఉంది. అప్పటి నుంచి ప్రతి బాటిల్లో నేను ఆ కంకినే వెతుకుతాను.

చెక్క ధాన్యాన్ని మింగేయడం చిన్న డిస్టిలరీల్లోనే ఎక్కువ, దానికి కారణం ఉంది. పెద్ద కంపెనీలు వాడే పీపా 53 గ్యాలన్లు, అంటే 200 లీటర్లు. కొత్తగా పెట్టినవాళ్లకి నాలుగైదేళ్లు ఆగేంత డబ్బు ఉండదు. అందుకని కొందరు ఐదు, పది గ్యాలన్ల బుల్లి పీపాల్లో పోస్తారు. పీపా చిన్నదయ్యేకొద్దీ విస్కీకి చెక్క తగలడం ఎక్కువవుతుంది, రంగు తొందరగా దిగుతుంది. దానికి టెక్సాస్ ఎండ తోడు. స్కాట్లండ్‌లో ఏడాదికి సుమారు రెండు శాతం ఆవిరైపోతే ఇక్కడ దానికి కొన్ని రెట్లు పోతుంది. (బెంగళూరు అమృత్ డిస్టిలరీ వాళ్లదీ ఇదే వేడి కథ. వాళ్లు 2004లో తమ సింగిల్ మాల్ట్‌ని (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీ) తీసుకెళ్లి స్కాట్లండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేశారు. వేడి ప్రాంతంలో గొప్ప విస్కీ రాదనే మాట నేను ఒప్పుకోను.) రంగూ చెక్క సారమూ నెలల్లో వచ్చేస్తాయి గానీ, గాలి తగిలి మెల్లగా మెత్తబడడం మాత్రం ఏళ్లు గడిస్తేనే. కాబట్టి నల్లటి కాఫీ రంగు చూసి ముచ్చటపడకండి. బోర్బన్‌లో, అంటే ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీలో, రంగు కలపకూడదు, కాబట్టి ఆ రంగు నిజమైనదే. వయసు గురించి మాత్రం అది ఏమీ చెప్పదు.

చెక్క ఎక్కువైందని పట్టుకోవడానికి మనకు మంచి మాట ఉంది: వగరు. అది చేదు కాదు, ఘాటూ కాదు. పచ్చి జామకాయో కరక్కాయో కొరికితే నాలుక పక్కలు పట్టేసి నోరు ఎండినట్టవుతుంది చూడండి, అదే. గుటక దిగిన అర నిమిషం తర్వాత మీ నోట్లో తీపి మిగిలిందా, వగరు మిగిలిందా చూసుకోండి. వగరే మిగిలి, వాసనలో పచ్చి రంపపు పొట్టు తప్ప ఏమీ తెలియకపోతే అక్కడ ధాన్యం ఓడిపోయినట్టే.

బట్టీలో జరిగే తప్పులు వేరు. స్పిరిట్ దిగేటప్పుడు మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ పక్కన పెట్టి మధ్యది తీసుకోవాలి. మొదటిది ఎక్కువ కలిస్తే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వస్తుంది. గ్లాసులో అరగంట ఉంచినా అది పోకపోతే నేను ఆ బాటిల్ మీద ఆశ వదులుకుంటాను. చివరిది ఎక్కువ కలిస్తే తడిసిన అట్టపెట్టె, నానిన గోనెసంచి వాసన. ఇవి రెండూ లేకుండా కాస్త పచ్చి పిండి వాసన మాత్రం ఉంటే అది లేత వయసు, అంతే. దాన్ని తప్పుగా లెక్కపెట్టకండి. టెక్సాస్‌లోనే వేకో ఊళ్లో బాల్కోన్స్ డిస్టిలరీ వాళ్ల బేబీ బ్లూ అనే విస్కీ ఉంది. నీలం మొక్కజొన్నతో చేస్తారు, 2009లో మొదలైంది, 46 శాతం. వయసు తక్కువే, కానీ నాకు అందులో నెయ్యి రాసిన కంకి స్పష్టంగా దొరికింది. 2022లో ఆ డిస్టిలరీని డియాజియో అనే పెద్ద మద్యం కంపెనీ కొనేసింది, ఇప్పుడు చిన్నది అనలేం. అయినా లేత విస్కీ ఎలా ఉండాలో తెలుసుకోవడానికి నేను అదే చెప్తాను.

లేబుల్ తప్పకుండా చదవండి. నేను మొదట్లో ఒక చోట 65 డాలర్లకు కొన్న బోర్బన్ అక్కడే కాచారనుకున్నాను. లోపల మెరిసే రాగి బట్టీ, గోడ మీద వాళ్ల తాతల ఫొటోలు, అంతా చూపించారు. ఇంటికొచ్చి వెనక లేబుల్ చూస్తే చిన్న అక్షరాల్లో 'ఇండియానాలో డిస్టిల్ చేసినది' అని ఉంది. విస్కీ బాగానే ఉంది, కానీ నేను డబ్బు పెట్టింది వాళ్ల చేతి పనికి అనుకుని. అది ఇప్పటికీ బాధగానే ఉంది. 'డిస్టిల్డ్ బై' (కాచినవారు) అని వాళ్ల పేరే ఉందా, లేక 'బాటిల్డ్ బై' (బాటిల్లో నింపినవారు), 'ప్రొడ్యూస్డ్ బై' (తయారుచేసినవారు) అని మాత్రమే ఉందా చూడండి. నాలుగేళ్లలోపు విస్కీ అయితే వయసు లేబుల్ మీద వేయాలి. 'స్ట్రెయిట్' అని ఉంటే కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నట్టు.

అక్కడ బాగుండి ఇంట్లో బాగోలేదన్నారు కదా. టేస్టింగ్ రూమ్‌లో పోసినాయన మాటలు, ఆ చెక్క వాసన, స్నేహితులు, అన్నీ కలిసి మన చేత బాగుందనిపిస్తాయి. నాకూ చాలాసార్లు జరిగింది. దానికి నేను చేసేది ఇది: మూడు గ్లాసుల్లో, ఏది ఏదో నాకు చెప్పకుండా, మా ఆవిడ పోస్తుంది. రెండింట్లో కొత్త బాటిల్, ఒకదాంట్లో వైల్డ్ టర్కీ 101 అనే బోర్బన్. ఇది 50.5 శాతం, ఇక్కడ ఎక్కడైనా దొరుకుతుంది, కొలబద్దగా బాగా పనికొస్తుంది. ఒకేలా ఉన్న రెండు గ్లాసులకి నేను వేర్వేరు మార్కులు వేశానంటే ఆ రోజు నా నాలుక బాగోలేదని అర్థం, తీర్పు వాయిదా. పోయిన దసరాకి మా బావమరిది వస్తే అతనితో కూడా ఇలాగే చేయించాను. 80 డాలర్ల బాటిల్‌ని పక్కకి నెట్టి టర్కీ గ్లాసు పట్టుకుని, "బావా, దీంట్లో బెల్లం పాకం ఉంది" అన్నాడు.

మీ బాటిల్ విషయానికొస్తే, మూత తీసిన బాటిలే కదా, మళ్లీ మూత పెట్టేసి రెండు మూడు వారాలు గడవనివ్వండి. కొంచెం గాలి తగిలాక లేత విస్కీలు చాలావరకు నెమ్మదిస్తాయి. తర్వాత ఒక రాత్రి నేను చెప్పినట్టు పోసుకుని, తాగేశాక గ్లాసు కడక్కుండా వదిలేయండి. పొద్దున కాఫీకి ముందు ఖాళీ గ్లాసు వాసన చూడండి. రంపపు పొట్టు మాత్రమే ఉందా, కంకి కూడా ఉందా, ఇక్కడే రాయండి.