క్రీస్తును సిలువ వేసింది శుక్రవారమేనా?

మనుష్యకుమారుడు (యేసు) మూడు రాత్రింబగళ్లు భూగర్భంలో ఉంటాడని మత్తయి 12:40 చెబుతుండగా, శుక్రవారం సాయంత్రం నుంచి, ఆయన తిరిగి లేచిన ఆదివారం తెల్లవారేసరికి రెండు రాత్రులే లెక్కకు వస్తాయి కాబట్టి, సిలువ వేసింది బుధవారమో గురువారమో అయి ఉండాలని కొందరు వాదిస్తారు. సిలువ వేసిన మర్నాటి విశ్రాంతిదినాన్ని (యూదులకు మామూలుగా శనివారం) యోహాను 19:31 మహాదినంగా పేర్కొన్నందున అది శనివారం కాదని, పస్కా పండుగ రోజని వారంటారు. పండుగ శనివారం నాడే పడినా ఆ వర్ణన సరిపోతుందన్నది వారు సాధారణంగా దాటవేసే సంగతి.

యూదులు రోజులో కొంత భాగాన్ని కూడా పూర్తి రోజుగా లెక్కించేవారు. ఎస్తేరు 4:16లో మూడు దినాలు, రాత్రింబగళ్లు, ఉపవాసం ఉండమని కోరిన రాణి, 5:1 ప్రకారం మూడవ దినానే రాజు ఎదుటికి వెళ్లింది. పైగా లూకా 24:21లో ఎమ్మాయు దారిన వెళ్తున్న శిష్యులు ఆ ఆదివారాన్ని మూడవ దినమనే అన్నారు. బుధవారం నుంచి ఎలా లెక్కించినా అది కనీసం నాలుగో రోజవుతుంది. గురువారం ఈ లెక్కకు కొంతవరకు నిలిచినా, సమాధి, స్త్రీల విశ్రాంతిదినం, ఆదివారం వరుసగా చెప్పే లూకా 23:54–24:1 శుక్రవారానికే అనుకూలం.

పండితులు ఎక్కువగా ప్రతిపాదించే క్రీ.శ. 30 ఏప్రిల్ 7, క్రీ.శ. 33 ఏప్రిల్ 3 రెండూ శుక్రవారాలే.