రిజిస్టర్ కాని సంఘం తరఫున దావా ఎవరు వేయాలి?

ప్రశ్న: మా లేఅవుట్‌లో ప్లాట్లు కొన్న 48 మందిమి కలిసి సంఘం పెట్టుకున్నాం. అధ్యక్షుడు, కార్యదర్శి ఉన్నారు కానీ రిజిస్టర్ చేయించలేదు. పార్కుకు వదిలిన స్థలంలో ఒకాయన షెడ్డు కడుతున్నాడు. సంఘం పేరుతో నోటీసు పంపితే, చట్టప్రకారం మీ సంఘమే లేదు, కేసు చెల్లదు అని ఆయన లాయరు జవాబిచ్చారు. ఇప్పుడు మేమేం చేయాలి?

జవాబు: ఆ లాయరు చెప్పినదాంట్లో సగమే నిజం. రిజిస్టర్ కాని సంఘం తన పేరుతో తాను దావా వేయడం కుదరదు. అధ్యక్షుడికి అధికారం ఇస్తూ మీరంతా తీర్మానం చేసినా ఆ లోటు తీరదు. కానీ పార్కు మీద హక్కు సంఘం పేరుది కాదు, ప్లాట్లు కొన్న మీ అందరిదీ. మీరు కోర్టుకు వెళ్లకుండా ఎవరూ ఆపలేరు.

దారి సివిల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోనే ఉంది: ఆర్డర్ 1, రూల్ 8. చాలామందికి ఒకే ప్రయోజనం ఉన్నప్పుడు వారిలో ఒకరో కొందరో కోర్టు అనుమతితో అందరి తరఫునా దావా వేయొచ్చు. ఎవరి సేల్ డీడ్ వారిది కదా, ప్రయోజనం ఒకటెలా అవుతుందని అవతలివాళ్లు అడుగుతారు. తమిళనాడు హౌసింగ్ బోర్డు కేసులో 1990లో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పింది. బోర్డు నుంచి ఇళ్లు పొందినవారికి డబ్బు కట్టమనే డిమాండ్ నోటీసులు విడివిడిగా వచ్చినా, అందరి ప్రయోజనం ఒకటే కాబట్టి ఇలాంటి దావా చెల్లుతుందంది.

దావాతో పాటే అనుమతి కోసం పిటిషన్ పెట్టండి. తర్వాత అనుమతి ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి, కానీ వాటిని నమ్ముకోవద్దు. వాదులుగా సేల్ డీడ్, లేఅవుట్ కాపీ చేతిలో ఉండి, వాయిదాలకు ఓపిగ్గా రాగలిగిన ఇద్దరు ముగ్గురిని ఎంచుకోండి. అధ్యక్షుడే ఉండాలని లేదు.

అనుమతి వచ్చాక మిగతా అందరికీ మీ ఖర్చుతో కోర్టు నోటీసు వెళ్లాలి. ఒక్కొక్కరికీ అందించడం వీలుకాకపోతే పేపర్లో ప్రకటన ఇస్తారు. చాలామంది దీన్ని తంతుగా చూస్తారు, నాకు అది బాధగా ఉంటుంది. ఎందుకంటే ఈ దావాలో వచ్చే డిక్రీ, అంటే కోర్టు తేల్చిన నిర్ణయం, 48 మందికీ వర్తిస్తుంది. ఊళ్లో లేని సభ్యుడికి కూడా. మీరు ఓడిపోతే, నాకు తెలియదంటూ ఆయన అదే గొడవతో మళ్లీ కోర్టుకు రావడం కష్టం. అందుకే ఎవరైనా తనను కూడా పార్టీగా చేర్చమని అడగొచ్చు. మధ్యలో రాజీపడాలన్నా, దావా వెనక్కి తీసుకోవాలన్నా మళ్లీ అందరికీ నోటీసు ఇవ్వాల్సిందే. ముందుండి నడిపేవాళ్లు శ్రద్ధ చూపకపోతే వారి స్థానంలో కోర్టు మరొకరిని పెట్టగలదు. కోర్టు నోటీసు కోసం ఆగకుండా మీరే అందరికీ ఫోన్ చేసి చెప్పండి.

అనుమతి దొరక్కపోయినా ప్లాటు యజమానిగా మీలో ఎవరైనా తన సొంత హక్కు కోసం విడిగా దావా వేసుకోవచ్చు. సంఘాన్ని ఇప్పుడు రిజిస్టర్ చేయించడం ముందుముందు పనికొస్తుంది, కానీ దానికోసం ఈ దావా ఆపకండి. గోడలు లేచేకొద్దీ పని కష్టమవుతుంది. ఈ రోజే ఫొటోలు తీయండి. దావాతో పాటు అదే కోడ్‌లోని ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ (కేసు తేలేదాకా షెడ్డు పని ఆపమనే ఉత్తర్వు) పిటిషన్ కూడా వేయమని మీ లాయరుకు చెప్పండి.