శని, ఆదివారాలు ఇవ్వాలా, డబ్బు పంపాలా?

చిన్నోడా,

వారం వారం బెంగళూరు నుంచి తిరుపతి వచ్చి రుయా ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకి అన్నం పెట్టే కుర్రాళ్లతో కలవాలా, లేక ఆ రెండు రోజులూ బయటి ప్రాజెక్టు చేసి వచ్చిన డబ్బు వాళ్లకే పంపాలా అని అడిగావు కదా. అన్నం సంగతి వరకైతే డబ్బే పంపు.

రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి నువ్వు చేసేదల్లా వడ్డించడం, ప్లేట్లు ఎత్తడం. ఆ పనికి ఇక్కడ మనుషులు దొరుకుతారు, కూలి ఇస్తే వాళ్లింట్లో కూడా పొయ్యి వెలుగుతుంది. మొన్న వాళ్ల వంటషెడ్డులో గోడకి వేలాడే పద్దు పుస్తకం తిరగేశాను. పండగలకీ, పుట్టినరోజులకీ దాతల పేర్లు కిక్కిరిసి ఉన్నాయి, మామూలు మంగళ, బుధవారాలు మాత్రం ఖాళీ. ఆ రోజుల్లో బియ్యం, గ్యాస్ బండ అప్పుమీద వస్తున్నాయి. ఆ ఖాళీలు నింపడానికి నీ జీతమే కావాలి.

కానీ డబ్బుకి దొరకనివీ ఉన్నాయిరా. రక్తమే చూడు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి మన దేశంలో డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం నిషేధం. తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకి కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే, నువ్వు లక్ష పంపినా ఎవరో ఒకరు వచ్చి చెయ్యి చాపితేనే ఆ సీసా నిండేది. మగవాళ్లు 90 రోజులకోసారి ఇవ్వొచ్చు, బెంగళూరులో ఇచ్చినా సరే, ఇవ్వు.

ఇంకొకటి నీ చేతిలో ఉన్న విద్య. ఆ పద్దు పుస్తకాన్ని కంప్యూటర్లో ఒక షీట్‌లోకి ఎక్కించి, ఖాళీ రోజులు నెల ముందే కనిపించేలా, పాత దాతలకి మెసేజ్ వెళ్లేలా చేసిపెట్టావంటే అది నీకు పెద్ద పని కాదు, బయట చేయించుకోవాలంటే మాత్రం వాళ్లకి తలకి మించిన ఖర్చు. అది చెడిపోతే చూడాల్సింది కూడా నువ్వేనని ఒప్పుకునే మొదలుపెట్టు. సగంలో వదిలేస్తే వాళ్లకి పాత పుస్తకమూ పోతుంది, కొత్తదీ ఉండదు.

మీ కంపెనీ బయటి పని ఒప్పుకుంటుందో లేదో అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూసుకో. ఒప్పుకోకపోతే ఆదివారం నీకు పైసా తేదు, అప్పుడు దాన్ని సేవకి వాడుకోవడమే మేలు.

ఆక్స్‌ఫర్డ్‌లో టోబీ ఆర్డ్, విలియం మెకాస్కిల్ అనే తత్వశాస్త్రం వాళ్లు 2009లో గివింగ్ వాట్ వుయ్ కెన్ అని ఒక సంస్థ మొదలుపెట్టారు, ఆదాయంలో కనీసం పదో వంతు ఇస్తామని అందులో చేరేవాళ్లు ముందే మాట ఇస్తారు. పదో వంతా, ఇరవయ్యో వంతా అనేది నీ ఇష్టం, ముందే మాట ఇవ్వడం మాత్రం నాకు చాలా నచ్చింది. ఎందుకంటే బాగా సంపాదించాక ఇద్దాంలే అనుకున్నవాళ్లని ఎంతోమందిని చూశాను, జీతంతో పాటు ఈఎంఐలూ పెరుగుతాయి, ఇవ్వడం వచ్చే ఏడాదికి, ఆపై ఏడాదికి జరిగిపోతూ ఉంటుంది. జీతం పడిన మర్నాడే ఖాతాలోంచి వెళ్లిపోయేలా బ్యాంకులో పెట్టేయ్.

కొండమీద శ్రీవారి సేవకి వెళ్లాలనుంటే హాయిగా వెళ్లు, దాన్ని గంటకెంత అని కొలవకు. అలాగే రుయా దగ్గరికీ ఒక్కసారైనా వచ్చి నిలబడు, నీ డబ్బు ఎవరి కంచంలోకి వెళ్తోందో నీకు తెలియాలి.

నగదు ఇవ్వొద్దు, బ్యాంకు నుంచే పంపి రసీదు తీసుకో. కొత్త పన్ను విధానంలో ఉంటే విరాళానికి మినహాయింపు రాదు, దాన్ని లెక్కలో వేసుకోకు. వాళ్ల పద్దులు చూసే అబ్బాయి నంబరు విడిగా పంపుతాను, ముందు వచ్చే నెలలో ఏయే రోజులు ఖాళీయో అడుగు.

ఇట్లు,
పెద్దనాన్న