పాప నోటుబుక్కు పారేయకండి

ప్రశ్న: మా పాప ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో సీటు రాలేదు. న్యూట్రిషన్ చదువుతానంటోంది. డైట్ చార్ట్ రాయడానికి అంత చదువెందుకండీ? పొద్దస్తమానం వాళ్లవ్వకూ తాతకూ వేలు గుచ్చి షుగర్ చూసి నోటుబుక్కులో ఎక్కిస్తుంది. ఒకే సంగటి తింటే ఇద్దరికీ అంకె వేరే వస్తోందేమని నన్ను పీడిస్తుంది.
– ఒక తండ్రి, పలమనేరు

జవాబు: అయ్యా, మీరు విసుక్కున్న ఆ ప్రశ్నే నాకు బాగా నచ్చింది. అదే రాగి ముద్ద, అదే ఊరిబిండి, అంకెలు మాత్రం వేరు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ వాళ్లు 800 మందికి వారంపాటు గ్లూకోజు కొలిచే పరికరం పెట్టి చూసింది కూడా ఇదే. 2015లో ఫలితాలు వచ్చాయి: ఒకే తిండికి ఒక్కొక్కరి ఒంట్లో చక్కెర ఒక్కోలా పెరిగింది. పేగుల్లోని సూక్ష్మజీవులు, ఒంటి కొలతలు, అలవాట్లు కలిపి లెక్కగడితే ఎవరికెంత పెరుగుతుందో ముందే అంచనా కట్టగలిగారు.

"సన్నగానే ఉన్నాడే, షుగరెట్లొచ్చింది?" అని మనవైపు అంటుంటారు కదా. పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లో తమ సొంత కొలతలే ప్రచురించారు. ఎత్తును బట్టి బరువు ఎంతో చెప్పే లెక్క బీఎంఐ, అది ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకం చూసి డైట్ చెప్పేస్తే సరిపోదని ఆ రెండు అంకెలే చెబుతాయి.

ఈ తేడాలన్నీ జన్యువుల వల్లే అనుకుంటారేమో, ఆ సంగతి జాగ్రత్తగా వినండి. ఫీనైల్‌కీటోన్యూరియా అనే జబ్బులో ఒక్క జన్యువులో లోపం ఉంటుంది. పుట్టిన కొద్ది రోజుల్లోనే కనిపెట్టి తిండి మారిస్తే బిడ్డ మెదడు దెబ్బతినకుండా కాపాడవచ్చు. మామూలు మనుషులకు అంత సూటిగా కుదరదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 609 మందికి ఏడాదిపాటు, కొందరికి కొవ్వు తగ్గించి, కొందరికి పిండిపదార్థాలు తగ్గించి పెట్టారు. జన్యువులను బట్టి ఎవరికి ఏ తిండి పనిచేస్తుందో చెప్పలేమని 2018లో తేలింది. కాబట్టి "జన్యు పరీక్షతో డైట్" నేర్పిస్తామనే నెలల కోర్సులకు దయచేసి డబ్బు కట్టకండి.

పాపకు కావాల్సింది బయోకెమిస్ట్రీ గట్టిగా ఉండే డిగ్రీ, దాంతోపాటు కాస్త స్టాటిస్టిక్స్. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో హోంసైన్స్ విభాగం ఉంది, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో (ఎస్వీయూ) బయోకెమిస్ట్రీ ఉంది. ఒక పనిరోజు చూసుకుని రెండుచోట్లా సిలబస్ కాగితాలు అడిగి తీసుకోండి. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో అప్లైడ్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ఉంది. 1918లో కూనూరులో మొదలైన సంస్థ అది. నేనైతే పాప చూపు అటే పెట్టిస్తాను. ఆసుపత్రి ఉద్యోగంలో మొదట్లో జీతం తక్కువే, ఆ మాట దాచను. పరిశోధన వైపు వెళ్తే చదువు ఇంకా సాగుతుంది, ఓపిక కావాలి.

ఈలోగా ఆ నోటుబుక్కులో ముద్ద తూకం ఎంతో, తిన్న ఎన్ని నిమిషాలకు చూసిందో కూడా రాయమనండి. అవ్వకూ తాతకూ ఒకే సూది వాడొద్దని, అంకె చూసి మాత్ర మార్చొద్దని చెప్పండి. నా దగ్గరకు వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు తప్పకుండా తెమ్మనండి.