ఆర్ ప్రోగ్రామింగ్ భాషలో ఎన్‌ఏ.ఒమిట్ కొడితే అవసరమైన వరుసలూ పోతున్నాయా?

వయసు, బరువు కాలమ్‌లలో ఖాళీలున్న వరుసలు మాత్రమే తీసేయాలి, కానీ ఎన్‌ఏ.ఒమిట్ కొడితే మంచివి కూడా పోతున్నాయి అన్నారు కదా. పోతాయి మరి. మీకు ఏ కాలమ్ కావాలో దానికేం తెలుసు? వరుసలో ఎక్కడ ఒక్క ఎన్‌ఏ (విలువ లేదని ఆర్ పెట్టే గుర్తు) కనిపించినా మొత్తం వరుసనే ఎత్తేస్తుంది.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. ఒక ఆరోగ్య సర్వే ఫైల్లో చివర ‘రిమార్క్స్’ అని ఒక కాలమ్ ఉండేది, దాన్ని దాదాపు ఎవరూ నింపలేదు. అది చూసుకోకుండా ఎన్‌ఏ.ఒమిట్ కొట్టి, సగటులు తీసి, గ్రాఫ్ కూడా గీసేశాను. చుక్కలు ఇంత పలచగా ఉన్నాయేంటా అని వరుసలు లెక్కపెట్టే ఎన్‌రో కొట్టి చూస్తే గుప్పెడు వరుసలే మిగిలాయి. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు.

ఆర్‌తో పాటే వచ్చే ఎయిర్‌క్వాలిటీ డేటా మీద ఒకసారి చేసి చూడండి. 1973 మే నుంచి సెప్టెంబర్ దాకా న్యూయార్క్ గాలి కొలతలు, రోజుకొకటి చొప్పున 153 వరుసలు. ఓజోన్‌లో 37 ఎన్‌ఏలు, ఎండ తీవ్రత ఉండే సోలార్.ఆర్‌లో 7. ఎన్‌ఏ.ఒమిట్ తర్వాత 111 మిగులుతాయి. మీ పని ఓజోన్, ఉష్ణోగ్రతలతోనే అయితే 116 ఉండాలి. సోలార్ లేదన్న వంకతో 5 రోజులు ఊరికే పోయాయి.

మీకు కావలసింది కంప్లీట్.కేసెస్ అనే ఫంక్షన్. దానికి మీ వయసు, బరువు కాలమ్‌లే ఇవ్వండి. వరుసకొక ట్రూ (ఖాళీ లేదు) లేదా ఫాల్స్ (ఖాళీ ఉంది) ఇస్తుంది, దాన్ని మీ డేటా పేరు పక్కన చదరపు బ్రాకెట్లలో కామాకి ముందు పెట్టండి. ఆ కామా మర్చిపోతే వరుసలకు బదులు కాలమ్‌లను ఎంచబోతుంది, జాగ్రత్త. టైడీఆర్ ప్యాకేజీ అలవాటుంటే డ్రాప్_ఎన్‌ఏలో ఆ రెండు పేర్లు రాస్తే సరి, నేనిప్పుడు అదే వాడుతున్నాను.

ఇంకోటి, టెక్స్ట్ కాలమ్‌లో ఖాళీగా కనిపించేదంతా ఎన్‌ఏ కాదు. ఉత్త కొటేషన్లు ఉంటే ఆర్ దాన్ని నిండిన గడిగానే లెక్కేస్తుంది. ఫైల్ చదివే రీడ్.సీఎస్‌వీ దగ్గరే ఎన్‌ఏ.స్ట్రింగ్స్‌లో ఆ ఖాళీనీ, మీవాళ్లు గీతో -99ఓ పెట్టి ఉంటే వాటినీ చెప్పేయండి.

తీసేసే ముందు కంప్లీట్.కేసెస్ ముందు ఆశ్చర్యార్థకం (ట్రూ, ఫాల్స్‌లను తారుమారు చేసే గుర్తు) పెట్టి, పోబోయే వరుసలు ఒకసారి తెరిచి చూడండి. నా ఫైల్లో బరువు లేని వరుసలన్నీ ఒకే తేదీవి. కనుక్కుంటే ఆ రోజు తూకం మెషిన్ పాడైందట.