ఫ్లోరిడా ఒడ్డున నిలబడి ఫ్లై రాడ్‌తో స్నూక్ పట్టొచ్చా?

జూన్‌లో కుటుంబంతో వారం రోజులు సానిబెల్ దీవికి వెళ్తున్నామని, ఇంతవరకు నదుల్లో ట్రౌట్ చేపలు మాత్రమే పట్టానని, పడవ లేకుండా బీచ్ నుంచే ఫ్లై రాడ్‌తో, అంటే ఫ్లై అనే తేలికైన కృత్రిమ ఎరను విసిరే గాలపు కర్రతో, ఏదైనా పడుతుందా అని అడిగారు. పడుతుంది. స్నూక్ అనే చేప కోసం వెళ్లండి, దానికి అది సరైన కాలం.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను రెండు ఉదయాలు వృథా చేసుకున్నాను. నడుము లోతు నీళ్లలోకి దిగి, చేతనైనంత దూరం లైన్ విసిరేవాణ్ని. ఒక్కటీ ముట్టలేదు. మూడో రోజు మా అమ్మాయి నా వెనక అంచున గవ్వలు ఏరుకుంటూ "నాన్నా, నీ వెనకాల పెద్ద చేప!" అని అరిచింది. తిరిగి చూస్తే ఒంటి పక్కన నల్లగీత ఉన్న స్నూక్ ఒకటి, నాకూ ఒడ్డుకూ మధ్య, మోకాలి లోతులో తీరిగ్గా వెళ్తోంది. అంటే నేను చేపలు తిరిగే దారిని తొక్కుకుంటూ వాటిని దాటి లోపలికి వెళ్లి నిలబడుతున్నాను.

కారణం ఇది. అలలు విరిగేచోట ఇసుక కోసుకుపోయి ఒడ్డు వెంబడే చిన్న కాలువలా ఏర్పడుతుంది. చిన్నచేపలు అందులో గుంపుకడతాయి. వేసవిలో గుడ్లు పెట్టే కాలం కాబట్టి స్నూక్ సముద్రపు పాయల దగ్గరికి చేరి, బీచ్ పొడవునా ఆ కాలువలో తిరుగుతాయి. ఒడ్డున కనిపించేవి ఎక్కువగా మగవే. మన పండుగప్పలాగే ఇవి కూడా మొదట మగగా పెరిగి, తర్వాత ఆడగా మారతాయి. చూడ్డానికి కూడా దూరపు చుట్టంలా ఉంటుంది.

కాబట్టి నీళ్లలో దిగకండి. నీటి అంచుకు రెండు మూడు గజాలు వెనక పొడి ఇసుక మీద నెమ్మదిగా నడవండి. పొద్దున ఎండ మీ వీపు మీద పడేలా పడమటి వైపు నడిస్తే నీళ్లలోకి చూపు బాగా దిగుతుంది. నీటి మీద మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు లేకుండా వెళ్లడం అనవసరం, నా మాట వినండి. చేప కనిపిస్తే దానికి నాలుగైదు అడుగుల ముందు, ఒడ్డుకు సమాంతరంగా ఫ్లై పడాలి. తల మీద పడితే పారిపోతుంది. విసిరే ముందు వెనక్కి చూడండి, నడకకు వచ్చినవాళ్లు, పిల్లలు ఉంటారు.

కాస్త బలమైన 8 నంబర్ రాడ్, నీటి మీద తేలే ఫ్లోటింగ్ లైన్, రెండు మూడు అంగుళాల తెల్లని చిన్నచేప నమూనా ఫ్లై చాలు. లైన్‌కీ ఫ్లైకీ మధ్య ఉండే సన్నదారం, అంటే లీడర్, చివర రెండడుగులు 25-30 పౌండ్ల బరువు తట్టుకునే ఫ్లోరోకార్బన్ దారం కట్టండి. స్నూక్ మొప్పల అంచు బ్లేడులా ఉంటుంది, నోరు ఉప్పుకాగితంలా ఉంటుంది, సన్నదారం నిలవదు. అసలు కష్టం మీ చేతికి ఉన్న ట్రౌట్ అలవాటు. చేప కొరకగానే రాడ్ పైకి ఎత్తేస్తారు, ఫ్లై నోట్లోంచి వచ్చేస్తుంది. నేను అలా మూడు పోగొట్టుకున్నాను. రాడ్ కొన నీటివైపే ఉంచి, ఎడమచేత్తో లైన్‌ని గట్టిగా ఒక్కసారి లాగండి. గాలం దిగాకే రాడ్ ఎత్తాలి.

లైసెన్స్ మర్చిపోవద్దు. ఫ్లోరిడా బయటివాళ్లకు ఒడ్డు నుంచి పట్టినా సముద్రపు లైసెన్స్ కావాలి, నేను తీసుకున్నది 7 రోజులది, 30 డాలర్లు. మే నుంచి ఆగస్టు దాకా ఫ్లోరిడా పడమటి తీరంలో, అంటే సానిబెల్ ఉన్న గల్ఫ్ ఆఫ్ మెక్సికో వైపు, స్నూక్‌ని ఇంటికి తీసుకెళ్లకూడదు. గాలం కొనకు వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ముందే నొక్కేసి ఉంచుకోండి, పట్టిన చేపను నీళ్లలోనే ఉంచి వదిలేయండి. వదిలిన చేప చేతిలోంచి జారిపోయే ఆ క్షణం కోసమే నేను మళ్లీ వెళ్తుంటాను.

చేపను వదలడానికి నీళ్లలో దిగాల్సి వస్తే కాళ్లు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవండి, ఇసుకలో తోకకు విషపు ముల్లుండే స్టింగ్‌రే చేపలు దాక్కుని ఉంటాయి, అలికిడికి తప్పుకుంటాయి. మధ్యాహ్నం ఉరిమితే వెంటనే రాడ్ దించి బీచ్ వదిలి ఏదైనా భవనంలోకి వెళ్లండి. కార్బన్ రాడ్‌లో కరెంటు తేలిగ్గా పారుతుంది. రూముకు రాగానే రీల్‌ని, లైన్‌ని మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టండి, ఒక్క రాత్రి వదిలేస్తే చాలు, ఉప్పు రీల్‌ని పట్టేస్తుంది.